వీరమ్మగారికి అన్నం పెట్టిందెవరు?

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. ఇలాంటి అనుభవాలు చెప్పేవాళ్ళందరూ ముందు ఈ మాటే అంటారని తెలుసు. అయినా నేనూ అనాల్సిందే, నా విషయంలో అది నిజం కాబట్టి. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేశాను. మనిషి పోయిన మంచం మీద దుప్పటి మార్చి, పక్క మంచానికి సెలైన్ పెట్టి, ఆ వెంటనే టీ తాగేదాన్ని. తోటి నర్సు పిల్లలు ఫలానా గదిలో ఏదో తిరుగుతోందని బెదిరిపోతుంటే "తిరిగితే తిరగనీండే, వస్తే బీపీ చూసి పంపిస్తా" అని ఎగతాళి చేసేదాన్ని.

ఇప్పుడా ఉద్యోగం మానేశాను. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళలో మంచం పట్టిన పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళని చూసుకుంటాను. మాది చిన్న బృందం, అందరం ఆడవాళ్ళమే. పొద్దున స్కూటీ ఎక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త ఇంట్లో అడుగుపెడితే బీపీ మిషను బయటికి తీయకముందే ఆ మనిషి గురించి అడగాలి. ఏం పని చేసేవారు, ఏ వేళకి తినేవారు, దేనికి కోపం వస్తుంది, ఏం చేస్తే శాంతిస్తారు. ఒక తాతగారు స్నానం అంటే చాలు మమ్మల్ని బండబూతులు తిట్టేవారు. జీవితమంతా పొలం నుంచి వచ్చాక సాయంత్రమే పోసుకున్న మనిషట. మేం పొద్దున్నే బకెట్టు పట్టుకుని వెళితే తిట్టరూ మరి? సాయంత్రానికి మార్చాం. తిట్లు ఆగిపోయాయి.

వీరమ్మగారి గురించి కూడా అవన్నీ అడిగాననే అనుకున్నాను.

వీరమ్మగారికి డెబ్బై దాటాయి. వాళ్ళకి సొంత పొలం చెక్క కొంచెం ఉంది, కానీ ఆవిడ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ కూలికి కూడా వెళ్ళింది. మిరపకోతలో ఆవిడ చెయ్యి పడితే చెట్టు మీద పండుకాయ మిగలదని పేరు. వానాకాలంలో పక్షవాతం వచ్చింది. ఎడమవైపు చెయ్యి, కాలు పడిపోయాయి. మాట పోయింది. తనంతట తాను పక్కకి తిరగడం కూడా రాదు. కొడుకు శ్రీను, కోడలు పద్మ ఆవిడని చాలా శుభ్రంగా చూసుకుంటారు, ఆ మాట ముందే చెప్పాలి. కాకపోతే కోతలు మొదలైతే ఇద్దరూ పొద్దున్నే చేలో ఉండాలి. పద్మ అత్తగారికి అన్నీ చేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టి వెళ్ళేది. ఎదురింటి రజియా ఒక చెవి ఇటు వేసి ఉంచేది. మధ్యాహ్నానికి నేను వెళ్ళి అన్నం పెట్టాలి. అదీ ఏర్పాటు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పక్షవాతం వస్తే గొంతు కూడా సరిగ్గా పనిచేయదు. మన ఊళ్ళలో అందరూ చేసే పొరపాటేమిటంటే, మింగలేకపోతోంది కదా అని మజ్జిగో గంజినీళ్ళో పోస్తారు. పల్చనివే ప్రమాదం. చటుక్కున జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నిమ్ము చేస్తుంది, మనిషి దక్కదు. బాగా చిక్కగా మెత్తగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెట్టాలి. పడుకోబెట్టి మాత్రం పెట్టకూడదు.

ఇదంతా నేను పద్మకి నేర్పాను. నేర్పి ఏం లాభం? వీరమ్మగారు నోరు తెరిస్తే కదా! పద్మ పెట్టినా అంతే, నేను పెట్టినా అంతే. మూతి బిగించి మొహం గోడవైపు తిప్పేసుకునేది. బతిమాలితే రెండు ముద్దలు. మనిషి చిక్కి సగమైంది. డాక్టరుగారు ముక్కులోంచి గొట్టం వేద్దామన్నారు. ఆ గొట్టం చూపించినప్పుడు వీరమ్మగారు కుడిచేత్తో దాన్ని లాక్కుని విసిరికొట్టింది. "వద్దా పెద్దమ్మా?" అనడిగాను. కళ్ళనిండా నీళ్ళతో తల అడ్డంగా ఊపింది. ఇంతకంటే ఆవిడ ఏం చెప్పాలి? వేయనివ్వనని మాటిచ్చాను.

గొట్టం అప్పుడే వద్దని శ్రీనుని గడువు అడిగాను.

"సరే అక్కా. ఈ కోత అయ్యేదాకా చూస్తా. అప్పటికీ తినకపోతే మాత్రం నేనూరుకోను. మా అమ్మని ఆకలితో చంపుకోమంటావా?"

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టేది కాదు.

కోత మొదలైన కొద్ది రోజులకి, ఒక మధ్యాహ్నం గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళాను. వీరమ్మగారు మంచం మీద కూర్చుని ఉంది. వెనక దిండ్లు, పడిపోయిన ఎడమచేతి కింద మడతపెట్టిన పాతచీర. అచ్చం కూర్చోబెట్టాల్సిన తీరులోనే. నేను సంతోషించాను కూడా. పద్మకి ఫోన్ చేసి "భలేగా కూర్చోబెట్టావే" అన్నాను.

"నేనెక్కడ కూర్చోబెట్టానక్కా? పక్కకి తిప్పి పడుకోబెట్టే వచ్చా" అంది పద్మ.

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని వీరమ్మగారి మొహం చూశాను. పెదాల మూల ఏదో అంటుకుని ఉంది. వేలితో తీసి చూస్తే సంకటి. జొన్న సంకటి.

భయపడ్డాను. దయ్యం అని కాదు. ఎవరో తెలియని మనిషి వచ్చి ఈవిడకి అన్నం పెడుతున్నారు, అదీ నా భయం. ఎలా పెడుతున్నారో, నీళ్ళు ఎలా తాగిస్తున్నారో! ఒక్క గుక్క అటు పోతే చాలు. వెంటనే ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి చూశాను. అంతా బాగానే ఉంది. అప్పుడు కాస్త స్థిమితపడి, కంట్లో పడుతున్న వెంట్రుక తీసుకున్నాను. మరుక్షణం కన్ను భగ్గుమంది. మిరప ఘాటు! ఆ సంకటి తీసిన వేలే అది.

మిరపకాయలు కోసిన చెయ్యి ఎంత కడిగినా ఘాటు పూర్తిగా పోదు, నూనె రాసుకుని కడిగినా కొంత మిగులుతుంది. మా వైపు పిల్లలకి కూడా తెలిసిన విషయం. అంటే కోతకి వెళ్ళిన చెయ్యే ఆవిడకి అన్నం పెట్టింది. కానీ మధ్యాహ్నం వేళ కోత కూలీలంతా చేలల్లో ఉంటారు. ఊళ్ళో ఉండరు.

నా అనుమానం మొదట రజియా మీదికే పోయింది. వెళ్ళి గట్టిగానే అడిగాను. కొంచెం ఎక్కువ గట్టిగానే అడిగానేమో.

"నేనెందుకు పెడతానక్కా? నాకు చంటిపిల్ల. కోతకే పోవట్లేదు నేను" అని చేతులు చాపి చూపించింది. "ఆ గుమ్మం ఎక్కినవాళ్ళెవర్నీ చూళ్ళేదు. అయినా సంకటెక్కడిది? మా ఇంట్లో జొన్నపిండి చూసి ఎన్నాళ్ళయింది? మా అత్తతోటే పోయింది ఆ తిండి."

వాళ్ళ అత్త పేరు మస్తాన్‌బీ. వీరమ్మగారికి పక్షవాతం రాకముందే, అంతకు ముందు ఎండాకాలంలో చనిపోయింది. ఆవిడా వీరమ్మగారూ కోతలో జోడీ అట. ఒక మొక్కల సాలుకి చెరోవైపు నిలబడి కోసుకుంటూ పోయేవాళ్ళు. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ ఆ జోడీ మారలేదట. చేలో నీళ్ళకి ఎప్పుడూ కరువే కాబట్టి, అన్నాలప్పుడు మస్తాన్‌బీ ఒక్కతే నూనె రాసుకుని చేతులు కడుక్కునేదట. గిన్నె మూట విప్పి, తనకొక ముద్ద, వీరమ్మకొక ముద్ద. అంతా అయ్యాకే మళ్ళీ సాల్లోకి.

"మీకు చేతుల్లేవా పెద్దమ్మా అని మేమంతా నవ్వేవాళ్ళం. ఆమె చేత్తో పెడితేనే ఈమెకి దిగేది" అంది రజియా.

నాకు ఆ కథ వినే ఓపిక లేదు. "అదంతా సరే, ఇప్పుడు ఎవరు పెడుతున్నారో చెప్పవే తల్లీ" అని విసుక్కుని వచ్చేశాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కూర్చోబెట్టి ఉంటుంది, పెదాల మూల ఇంత సంకటి. నేను పెడితే మాత్రం మూతి బిగింపే. కానీ మనిషి తేరుకుంటోంది. నాలుక తడిగా ఉంది, కళ్ళలోకి కాస్త వెలుగొచ్చింది. తిండి లోపలికి పోతున్న మనిషికే అలా ఉంటుంది. నాకు అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నాను. నేను ఆ వీధంతా తిరిగి ఎవరింట్లో జొన్న సంకటి చేస్తున్నారో అడిగాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఈ కాలంలో ఆ వీధిలో అది వండేవాళ్ళు లేరు.

చివరికి పద్మతో చెప్పి పెరటి తలుపు లోపల గడియ వేయించాను. వీధి తలుపుకి తాళం. ఒక తాళంచెవి పద్మ బొడ్లో, ఒకటి నా దగ్గర. మనిషి లోపల ఉండగా తాళం వేయడం మా పద్ధతిలో తప్పు, అది తెలిసే ఒక్క రోజుకని చేశాను. మధ్యాహ్నం నా చేత్తో తాళం తీశాను. వీరమ్మగారు కూర్చుని ఉంది.

తాళంచెవి చేత్తో పట్టుకునే వెళ్ళి పెరటి తలుపు చూశాను. లోపలి గడియ వేసింది వేసినట్టే ఉంది. ఆ రోజు ఆవిడ మొహం తుడుస్తుంటే నా వెనకే ఎవరో నిలబడి చూస్తున్నారేమో అనిపించి రెండుసార్లు తిరిగి చూశాను. ఎవరూ లేరు. గోడకి చేట, దండెం మీద పద్మ చీర, అంతే.

ఇక లాభం లేదని ఒక రోజు మిగతా ఇళ్ళకి వేరే అమ్మాయిని పంపి, పొద్దున్నుంచే వీరమ్మగారి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. అన్నాల వేళ అవుతుంటే ఆవిడ తలుపు వైపు చూడడం మొదలుపెట్టింది. తలుపు చూస్తుంది, నన్ను చూస్తుంది. మళ్ళీ తలుపు. ఎండ గడప దాటింది. ఎవరూ రాలేదు. నేను కూర్చోబెట్టి ముద్ద నోటిదాకా తీసుకెళితే కుడిచేత్తో నా భుజాన్ని తోసింది. అంత బలం ఎక్కడిదో! పొమ్మంటోంది నన్ను. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది. మాట లేని మనిషి ఏడుపు వినడం చాలా కష్టం.

ఆ రోజు ఆవిడ కడుపులోకి ఏమీ పోలేదు. సాయంత్రం శ్రీను వచ్చేసరికి పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"చాల్లే అక్కా, నీ మాట విన్నాను ఇన్నాళ్ళు. ఇంక కోతయ్యేదాకా ఆగను" అన్నాడు. "రేపు కారు మాట్లాడతా. గుంటూరు తీసుకెళ్ళి గొట్టం వేయించేస్తా."

నేనక్కడ కూర్చోకపోతే ఆవిడ తిని ఉండేదన్న మాట నా గొంతుదాకా వచ్చింది. ఎవరు పెట్టేవారని అడిగితే ఏం చెప్పను? మింగేశాను.

మర్నాడు శ్రీను కోతకి వెళ్ళలేదు. పద్మ కూడా ఇంటి దగ్గరే ఉంది. కారు డ్రైవరు మధ్యాహ్నానికి వస్తానన్నాడు. సంచి సర్దేశారు. వీరమ్మగారు వెల్లకిలా పడుకుని దూలాన్ని చూస్తోంది. పరుపు మీద మనిషి ఉన్నట్టే లేదు. నాకు ఏడుపొచ్చింది. ఈవిడ వద్దని చెప్పింది, నోరు లేకపోయినా స్పష్టంగానే చెప్పింది. ఆ వద్దనడాన్ని కాపాడతానని నేను మాటిచ్చాను. ఆ నిమిషంలో నాకు ఒకటే అనిపించింది. వచ్చేది ఎవరైనా సరే, వచ్చి పెట్టనీ.

"శ్రీనూ, కారు వచ్చేదాకా మనం బయట అరుగు మీద కూర్చుందాం. అమ్మని కాసేపు ఒంటరిగా వదిలేద్దాం" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా అక్కా?" అన్నాడు. కానీ లేచి వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టాను. పెరటి తలుపుకి లోపల గడియ ఉంది, నేనే చూశాను. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దానికి చువ్వలున్నాయి. దాని కిందే పంపు దగ్గర పద్మ గిన్నెలు తోముతోంది. అరుగు మీద శ్రీను డ్రైవరుకి ఫోన్ చేసి అరుస్తున్నాడు, గుంటూరు మిర్చియార్డుకి పోయే ట్రాక్టర్లు రోడ్డంతా నిండి కారు ఆగిపోయిందట. నేను తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. వీధిలో కుక్క కూడా లేదు.

ఎంతసేపయిందో చెప్పలేను. లోపల్నుంచి మాట వినబడింది.

"చాలే. ఇంక నువ్వు తిను."

నాలుక మందంగా ఉంది, కానీ మాట స్పష్టంగా ఉంది. కోపం లేదు, బాధ లేదు. పక్కన కూర్చున్న మనిషితో రోజూ అనే మాట అన్నట్టుంది.

శ్రీను ఫోన్ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. అటువైపు డ్రైవరు హలో హలో అంటున్నాడు. వానాకాలం తర్వాత తల్లి గొంతు వినడం అదే మొదలు. "అమ్మ" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి చాలా చిన్నగా, "ఎవరితో మాట్లాడుతుంది అక్కా?" అన్నాడు.

నేను గొళ్ళెం తీశాను. నిజం చెప్పొద్దూ, తీయాలంటే భయమేసింది. లోపల వీరమ్మగారు కూర్చుని ఉంది. దిండ్లు, చేతి కింద మడత చీర, అన్నీ ఎప్పటిలాగే. మంచం మీద ఆవిడ కాళ్ళ దగ్గర దుప్పటి నలిగి ఉంది. అది పొద్దున నేనే నలిపి ఉండొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోను. పెదాల మూల సంకటి మాత్రం నేను తీసి చూశాను. వెచ్చగా ఉంది. పొయ్యి మీద నుంచి దించి ఎంతోసేపు కానట్టుంది. ఆ ఇంట్లో పొద్దున తర్వాత పొయ్యి వెలిగించలేదు. శ్రీనుకి నా వేలు చూపించాను. అతను ముట్టుకున్నాడు. తర్వాత తన వేలిని తనే వాసన చూసుకుని, ఘాటుకి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అప్పుడు రజియా చెప్పిన మాట గుర్తొచ్చింది. తనకొక ముద్ద, వీరమ్మకొక ముద్ద. ఇన్నాళ్ళూ మేమేం చేశాం? ఎదురుగా కూర్చుని, తిను తిను అని నోట్లో కుక్కాం. ఒక్కరోజైనా ఆవిడతో కలిసి తిన్నామా? ఏ వేళకి తినేవారని అడిగాను గానీ, ఎవరితో తినేవారని అడగలేదు నేను.

నా క్యారియర్ తెచ్చుకుని మంచం మీద ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. పద్మ చేసి పెట్టిన మెత్తటి అన్నం ఒక గిన్నెలో, నాది ఒక గిన్నెలో. ముందు నేనొక ముద్ద తిన్నాను. వీరమ్మగారు నా గిన్నె వైపు చూసింది, నా మొహంలోకి చూసింది. నోరు తెరిచింది.

కడుపు నిండినట్టే ఉంది కాబట్టి ఎక్కువ తినలేదు. నాలుగైదు ముద్దలు. ప్రతి ముద్దా మింగిందని గొంతు మీద చెయ్యి పెట్టి చూసి మరీ పెట్టాను. పద్మ తడిచేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. శ్రీను గోడకి ఆనుకుని నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కారు వచ్చింది, వెనక్కి పంపించేశాడు.

తర్వాత డాక్టరుగారు వచ్చి మింగుడు పరీక్ష చేశారు. చిక్కటి పదార్థం బాగానే దిగుతోంది, గొట్టం అక్కర్లేదన్నారు. మాట గురించి అడిగాను. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఒక్కోసారి అలవాటైన పాత మాట ఒకటి హఠాత్తుగా బయటికి వస్తుందన్నారు. ఒప్పుకుంటాను. తనంతట తాను ఎలాగో లేచి కూర్చుందనుకుందాం, అదీ ఒప్పుకుంటాను, ఎలాగో నాకు తెలియకపోయినా. వెచ్చటి సంకటి గురించి మాత్రం ఆయన్ని అడగలేదు. ఏమని అడగను?

ఆ తర్వాత వీరమ్మగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోతలు అయిపోయాక పెదాల మీద సంకటి కనిపించడం ఆగిపోయింది. ఆవిడ ఇప్పుడు మా చేతుల మీదే తింటోంది, మేం కూడా కూర్చుని తింటేనే. పద్మ పొద్దున ఆవిడతో పాటే తింటుంది, మధ్యాహ్నం నేను. ఒంటికి కాస్త కండ పట్టింది. నాకూ పట్టింది, ఏం చేస్తాం!

ఇదంతా చదివి మీరు ఏవేవో కారణాలు వెతుకుతారు. నేను వెతకనివి ఏమీ మిగల్లేదు.

ఈ ఏడు మళ్ళీ కోతలు మొదలయ్యాయి. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి వీధి అంతా ఖాళీగా ఉంటుంది. అరుగు ఎక్కి, గొళ్ళెం గట్టిగా రెండుసార్లు చప్పుడు చేసి, వెంటనే తీయకుండా కాసేపు అక్కడే నిలబడతాను. ఒకరోజు పద్మ ఏదో మరిచిపోయి ఇంటికొచ్చి నన్ను అలా చూసింది.

"ఏంటక్కా, గొళ్ళెం రావట్లేదా?"

"వస్తుంది. నేను వస్తున్నానని చెప్పాలి కదా" అన్నాను.

ఎవరికని పద్మ అడగలేదు. తను కూడా వచ్చి నా పక్కన నిలబడింది.